ఫ్రైడ్ చికెన్‌కి పైన పెంకు ఊడిపోతోంది, లోపల ముక్క చప్పగా ఉంటోంది, ఎక్కడ తేడా కొడుతోంది?

కొత్తమూకుడు:
అందరికీ నమస్తే. ఇంట్లో ఫ్రైడ్ చికెన్ ఎన్నిసార్లు చేసినా నాకు అవే రెండు గొడవలు. మొదటిది, చూడ్డానికి పైన బాగానే కరకరలాడుతూ ఉంటుంది, తీరా కొరికితే ఆ పెంకు మొత్తం చొక్కా విప్పినట్టు ఒక్కసారే ఊడొచ్చేస్తుంది, చేతిలో బోడి ముక్క మిగులుతుంది. రెండోది, పెంకు ఘాటుగా ఉంటుంది గానీ లోపల మాంసం ఒట్టి చప్పన. నేను చేసేదేంటంటే ముక్కలు కడిగి, మజ్జిగలో ఉప్పు, కారం, మిరియాల పొడి, వెల్లుల్లి పొడి కలిపి అందులో ఓ గంట పడేసి, తీసి మైదాలో దొర్లించి అటునుంచి అటే నూనెలో వేసేస్తా. ఎముక ఉన్న లెగ్ పీసులు, థై ముక్కలు. ఎక్కడ తేడా కొడుతోందో చెప్పండి ప్లీజ్, పిల్లలు పెంకు తినేసి ముక్క వదిలేస్తున్నారు.

ఘాటుప్రియ:
గంట ఏం సరిపోతుందండీ, రాత్రంతా నానాలి. కారం, మసాలా డబుల్ చెయ్యండి, మజ్జిగ బదులు చిక్కటి పెరుగు వాడండి, ఫోర్క్‌తో గాట్లు పెట్టండి, పొద్దునకల్లా మసాలా ఎముక దాకా దిగుతుంది. అంతే, సింపుల్.

నిదానం_వంట:
ఘాటుప్రియ గారూ, రాత్రంతా అన్నది కరెక్టే, కానీ పని చేసేది మసాలా కాదండీ, ఉప్పు. మసాలాల్లో రుచీ వాసనా ఇచ్చేవి ఎక్కువగా నూనెలో కరిగే రకం, మాంసమేమో నీళ్లతో నిండి ఉంటుంది, అందుకే అవి ఎంతసేపు పెట్టినా పై పొరలోనే కూర్చుంటాయి, లోపలికి పోయేది కొన్ని మిల్లీమీటర్లే. ఉప్పు అలా కాదు, నీళ్లలో కరిగి మెల్లగా మధ్య దాకా వెళ్తుంది, పైగా మాంసంలో ప్రోటీన్లని కొంచెం వదులు చేసి నీటిని పట్టి ఉంచేలా చేస్తుంది కాబట్టి వేగాక ముక్క ఎండిపోదు.

కొత్తమూకుడు గారూ, మీకు లోపల చప్పగా ఉండేది ఉప్పు తక్కువై, టైమ్ తక్కువై. కిలో ముక్కలకి మెత్తటి ఉప్పు 2 టీస్పూన్లు, అంటే సుమారు 12 గ్రాములు, మజ్జిగలో కాదు, నేరుగా ముక్కలకే పట్టించి ఫ్రిజ్‌లో పెట్టండి. ఎముక ఉన్నవాటికి కనీసం 4 గంటలు, రాత్రంతా అయితే ఇంకా మంచిది. బోన్‌లెస్ చిన్న ముక్కలకి గంటన్నర చాలు. మజ్జిగ తర్వాత పోసుకోవచ్చు.

ఘాటుప్రియ:
అదేంటండీ, నేను రాత్రంతా పెట్టినప్పుడు లోపల రుచి స్పష్టంగా తెలుస్తుంది కదా, మరి అదంతా భ్రమేనా 😄

నిదానం_వంట:
భ్రమ ఏం కాదు, మీ మసాలాలో ఉప్పు ఉంది కదా, రాత్రంతా అది లోపలికి పోయింది. నమ్మకం లేకపోతే ఈసారి వేగిన ముక్క మధ్యకి కోసి, పెంకూ పై పొరా పూర్తిగా తీసేసి, నట్టనడుమ మాంసం మాత్రమే నోట్లో వేసుకోండి, కారం తగుల్తుందేమో చూడండి. మామూలుగా తినేటప్పుడు పెంకూ లోపలిదీ కలిసి నోట్లోకి పోతాయి కాబట్టి అంతా ఒకటే రుచి అనిపిస్తుంది. ఫోర్క్ గాట్లు పెడితే ఆ గాట్లలో మసాలా దూరుతుంది, ఆ మాట నిజమే, కానీ వేగేటప్పుడు అదే దారిలో రసం బయటికి కారుతుంది.

కరకర_బ్రో:
ఉప్పు సంగతి నిదానం అన్న చెప్పేశాడు కాబట్టి పిండి సంగతి నేను చెప్తా. ఒట్టి మైదా వాడకు బ్రో. మైదాలో ప్రోటీన్ ఉంటుంది, తడి తగిలితే జిగురు పుడుతుంది, ఆ జిగురు వల్ల వేడిగా ఉన్నప్పుడు బాగుండి పది నిమిషాలకే సాగుడుగా అయిపోతుంది. అందులో కొంత కార్న్‌ఫ్లోర్ కలిపితే జిగురు తగ్గి పెంకు పెళుసుగా వస్తుంది. అలాగని మొత్తం కార్న్‌ఫ్లోర్ వేసెయ్యకు, రంగు రాదు, పాలిపోయినట్టు ఉంటుంది, ఎర్రగా కాలాలంటే మైదాలో ఆ ప్రోటీన్ కావాలి. నా లెక్క మైదా 2 కప్పులు, కార్న్‌ఫ్లోర్ అర కప్పు, బేకింగ్ పౌడర్ 1 టీస్పూన్. బేకింగ్ పౌడర్ వేడికి గ్యాస్ వదిలి పెంకులో చిన్న చిన్న గాలి గదులు చేస్తుంది, గుల్లగా వస్తుంది. వంటసోడా వేరు, అది ఎక్కువైతే సబ్బు రుచి కొడుతుంది జాగ్రత్త.

ఇంకో ముఖ్యమైన విషయం, పిండిలో కూడా ఉప్పు వెయ్యాలి. ఈ కొలతకి 1 నుంచి ఒకటిన్నర టీస్పూన్. చాలామంది ముక్కకి వేశాం కదా అని పిండిని చప్పగా వదిలేస్తారు. కలిపాక చిటికెడు పిండి నాలిక మీద వేసుకుని చూడు, కొంచెం ఎక్కువైందేమో అనిపించాలి, అదే సరైన పాళం. చికెన్ తగలకముందు చూడాలి సుమా.

సందేహాల_పుట్ట:
పిండిలో ముద్దలు ముద్దలుగా, పొరలు పొరలుగా వస్తుంది కదా బయట కొన్న దాంట్లో, అది ఎలా వస్తుంది? నాకెప్పుడూ నున్నగానే వస్తుంది.

కరకర_బ్రో:
అది చాలా ఈజీ, పొడి పిండిలోనే 2-3 టేబుల్ స్పూన్ల మజ్జిగ చిలకరించు, ముక్కలు నానిన మజ్జిగైనా పర్లేదు. ఒకేచోట పొయ్యకు, చెయ్యి తిప్పుతూ చుక్కలు చుక్కలుగా వెయ్యాలి, తర్వాత వేళ్ల కొసలతో పిండిని ఎత్తి ఎత్తి రుద్దితే కొన్ని ఆవగింజంత, కొన్ని శనగగింజంత ఉండలు కడతాయి, మిగతాది పొడిగానే ఉంటుంది. అప్పుడు ముక్క వేసి, పైన ఆ పిండి కప్పి, అరచేత్తో గట్టిగా నొక్కు, దొర్లించడం కాదు, నొక్కాలి. ఆ ఉండలు ముక్కకి అతుక్కుని నూనెలో ముళ్లుముళ్లుగా వేగుతాయి. పిండి మొత్తం తడిసిపోయిందంటే పని చెడినట్టే, ఇంకాస్త పొడి మైదా కలుపుకోవాలి.

పాత_సభ్యురాలు:
అందరూ బాగా చెప్తున్నారు గానీ ఆ అమ్మాయో అబ్బాయో అడిగిన మొదటి ప్రశ్న పెంకు ఊడిపోవడం గురించి, దానికి ఎవరూ సమాధానం చెప్పలేదు.

చూడండి, పిండి పట్టించిన వెంటనే నూనెలో వేస్తున్నారు, అక్కడే వస్తోంది చిక్కంతా. ముక్కకి ఆనుకున్న పిండికి తడి అందుతుంది, పైన పిండికి అందుతుంది అందదు, మధ్యలో ఒక పొర పొడిగానే ఉండిపోతుంది. నూనెలో పడగానే పై పొర గట్టిపడుతుంది, లోపల తడి ఆవిరై బయటికి తోసుకొస్తుంది, ఆ పొడి పొర దగ్గర పట్టు లేదు కాబట్టి అక్కడ విడిపోతుంది. అందుకని పిండి పట్టించాక ముక్కలు జాలీ స్టాండ్ మీద విడివిడిగా పెట్టి 15-20 నిమిషాలు వదిలెయ్యండి. తెల్లగా పొడిపొడిగా కనిపించే చోట్లు పోయి, పిండి కొంచెం తడి పీల్చుకుని రంగు మారుతుంది. అది కనబడ్డాకే నూనెలో వెయ్యాలి.

పిండిలోకి వెళ్లే ముందు కూడా మజ్జిగ కారుతున్న ముక్క వెయ్యకండి, ఎత్తి పట్టుకుని ధార ఆగేదాకా ఉండండి. తడి ఎక్కువైతే పెంకు మందంగా వస్తుంది, మందం పెంకే ముందు ఊడేది. నూనెలో వేశాక మొదటి రెండు మూడు నిమిషాలు గరిటె పెట్టి కెలకొద్దు, అదింకా మెత్తగా ఉంటుంది.

కొత్తమూకుడు:
అక్కా ఇది బాగా అర్థమైంది, థ్యాంక్స్. గుడ్డు వాడితే ఇంకా గట్టిగా పట్టుకుంటుందంటారు, నిజమేనా?

పాత_సభ్యురాలు:
పట్టుకుంటుంది. గుడ్డు వేడికి గడ్డకట్టి జిగురులా పనిచేస్తుంది. అర లీటరు మజ్జిగకి ఒకటి కొట్టి కలిపితే చాలు. ఎక్కువైతే పెంకు గట్టి అట్టలా తయారవుతుంది, నాకు నచ్చదు, నేను వెయ్యను.

ఘాటుప్రియ:
నేను వేస్తాను, నాకు నచ్చుతుంది 😀 స్కిన్‌లెస్ ముక్కలైతే తప్పకుండా వెయ్యండి.

హాస్టల్_చెఫ్:
అన్నా ఒక డౌట్, నా ముక్కలు పైన నల్లగా మాడిపోతాయి లోపల ఎముక దగ్గర ఎర్రగా ఉంటుంది. మంట తగ్గిస్తే నూనె పీల్చేస్తుంది. థర్మామీటర్ లేదు.

థర్మామీటర్_మామ:
నా పేరు చూశాక కూడా థర్మామీటర్ లేదంటావా తమ్ముడూ 😂 సరే విను.

నూనె ముందు 175 డిగ్రీల దాకా కాగనివ్వాలి, ముక్కలు వెయ్యగానే ఎలాగూ 150-160కి పడిపోతుంది, ఆ తర్వాత 160 దగ్గర నిలిచేలా మంట సర్దుకుంటూ ఉండాలి. ఎముక ఉన్న లెగ్ పీస్‌కి 12 నుంచి 15 నిమిషాలు పడుతుంది, దానికి తొందర పనికిరాదు. ఒకేసారి మూకుడు నిండా వేస్తే నూనె చల్లబడిపోయి పెంకు గట్టిపడటం ఆలస్యమవుతుంది, తీశాక జిడ్డు జిడ్డుగా ఉంటుంది, నూనె పీల్చేస్తోందని నువ్వన్నది అదే. మూడు నాలుగు ముక్కలు చొప్పున వెయ్యి.

థర్మామీటర్ లేకపోతే చెక్క గరిటె కాడ నూనెలో ముంచు, దాని చుట్టూ చిన్న బుడగలు ఆగకుండా వస్తుంటే వెయ్యొచ్చు, భగ్గుమని పొంగితే ఎక్కువ కాగింది. తర్వాత చెవులు పెట్టి విను. ముక్క వేసిన కొత్తలో చప్పుడు పెద్దగా, బుడగలు లావుగా ఉంటాయి, అదంతా నీరు ఆవిరై పోవడం. నీరు తగ్గేకొద్దీ బుడగలు సన్నబడి చప్పుడు చిన్నగా చిటచిటలాడుతుంది, పెంకు అయ్యిందని అర్థం. అది పెంకు సంగతి మాత్రమే, లోపల ఉడికిందా లేదా అన్నది చప్పుడుతో తెలీదు, దానికి మాత్రం మీట్ థర్మామీటర్ ఒకటి కొనుక్కో. ఎముకకి తగలకుండా మందంగా ఉన్న చోట గుచ్చితే 74 డిగ్రీలు చూపించాలి, అది సేఫ్టీ లెక్క. థై, లెగ్ అయితే 80-85 దాకా పోనిస్తేనే మెత్తగా ఊడొస్తుంది, బ్రెస్ట్ మాత్రం 74 దాటితే ఎండిపోతుంది.

ఎముక దగ్గర ఎరుపు చూసి కంగారు పడకు. లేత కోళ్ల ఎముకలు గట్టిపడి ఉండవు, మూలుగలోని రంగు బయటికి వస్తుంది, పూర్తిగా ఉడికినా ఎర్రగానే కనిపించొచ్చు. రంగు కాదు, టెంపరేచర్ చూడాలి.

కరకర_బ్రో:
నల్లబడటానికి ఇంకో కారణం కూడా ఉంటుంది మామా, పిండిలో కారం ఎక్కువ వేసినా, మ్యారినేషన్‌లో పంచదారో తేనో పడినా పైన తొందరగా మాడుతుంది. పచ్చి వెల్లుల్లి ముద్ద కూడా అంతే, ఆ తునకలు ముందు మాడి చేదెక్కుతాయి, పొడి వాడటం మేలు. కారం ఎక్కువ కావాలనుకునేవాళ్లు పిండిలో కొంచెమే వేసి, ముక్క నూనెలోంచి తీసిన వెంటనే వేడి మీద సన్నటి కారం, ఉప్పు కలిపి చల్లితే సరి. ఆ వేడికి పట్టుకుంటుంది, మాడదు, ఘాటుప్రియ గారికి కూడా సరిపోతుంది.

ఘాటుప్రియ:
ఇదొక్కటి ఒప్పుకుంటా, బాగుంటుంది.

సందేహాల_పుట్ట:
నిమ్మరసం, వెనిగర్ వెయ్యొచ్చా నానబెట్టేటప్పుడు? మెత్తబడుతుందని విన్నా.

నిదానం_వంట:
కొద్దిగా, కొద్దిసేపైతే పర్లేదండీ. పులుపు ఎక్కువై చాలాసేపు ఉంటే పై మాంసం మెత్తబడటం కాదు, పిండిపిండిగా అయిపోతుంది. మజ్జిగ, పెరుగు పులుపు తక్కువ కాబట్టి రాత్రంతా ఉన్నా ఇబ్బంది లేదు.

హాస్టల్_చెఫ్:
అసలు ఆ 11 రకాల మసాలా రెసిపీ ఎవరి దగ్గరైనా ఉందా, ఒరిజినల్‌ది? ఉంటే ఇంత చర్చ అక్కర్లేదు కదా 😅

నిదానం_వంట:
కెంటకీ ఫ్రైడ్ చికెన్ అసలు రెసిపీ కంపెనీ ఇప్పటికీ రహస్యంగానే ఉంచింది. ఆ కంపెనీ పెట్టిన శాండర్స్ దాన్ని ఖాయం చేసింది 1940లో. 2016లో చికాగో ట్రిబ్యూన్ పేపర్ ఒక చేతిరాత కాగితం అచ్చేసింది, శాండర్స్ భార్య తరఫు మేనల్లుడి దగ్గర కుటుంబ ఆల్బమ్‌లో ఉన్నది. అదే అసలైనదని కంపెనీ ఒప్పుకోలేదు. ఆ కాగితం ప్రకారం 2 కప్పుల మైదాకి 11 దినుసులు, అందులో ఎక్కువ కొలత పాప్రికా 4 టేబుల్ స్పూన్లు, తర్వాత తెల్ల మిరియాల పొడి 3 టేబుల్ స్పూన్లు, ఆ తర్వాత గార్లిక్ సాల్ట్ 2. నల్ల మిరియాలు, ఎండు ఆవపొడి, శొంఠి పొడి, సెలెరీ సాల్ట్ ఒక్కో టేబుల్ స్పూన్, మిగతావి థైమ్, బేసిల్, ఒరెగానో, మామూలు ఉప్పు, ఇవి ఇంకా తక్కువ. నిజమో కాదో పక్కన పెడితే అందులో నాకు పనికొచ్చింది తెల్ల మిరియాలే, నల్లవాటి కన్నా వేరే రకం ఘాటు, నోట్లో ఆలస్యంగా తెలుస్తుంది. పాప్రికా కారం కాదండోయ్, అది రంగుకే ఎక్కువ, దాని బదులు 4 టేబుల్ స్పూన్లు మన కారం వేశారో ఇక అంతే సంగతులు.

కరకర_బ్రో:
ఆ పేపర్ వాళ్లు వండి చూసి, పైన కాస్త ఎమ్‌ఎస్‌జీ, అంటే మన అజినోమోటో, చల్లితే బాగా దగ్గరకొచ్చిందని కూడా రాశారు. పిండిలో అర టీస్పూన్ వేసుకోవచ్చు, అది వేస్తే ఉప్పు కొంచెం తగ్గించుకోవాలి.

హాస్టల్_చెఫ్:
కెంటకీ వాళ్లు ప్రెషర్‌లో వేయిస్తారట కదా, కుక్కర్‌లో నూనె పోసి మూత పెడితే లోపల తొందరగా ఉడుకుతుందేమో?

థర్మామీటర్_మామ:
వద్దు తమ్ముడూ, ఆ పని మాత్రం అస్సలు చెయ్యొద్దు. వాళ్లు వాడేది అందుకే తయారుచేసిన ప్రెషర్ ఫ్రయ్యర్. ఇంట్లో కుక్కర్ గ్యాస్కెట్టూ, వాల్వూ నీటి ఆవిరి కోసం చేసినవి, నూనె వేడి అంతకంటే చాలా ఎక్కువ, ఎక్కడ లీకైనా కాగిన నూనె మొహం మీదకి కొడుతుంది. మామూలు మూకుడులో కూడా సగానికి మించి నూనె పొయ్యకు. ఎప్పుడైనా నూనె అంటుకుంటే స్టవ్ ఆపి మూత పెట్టెయ్యాలి, నీళ్లు మాత్రం పొయ్యకూడదు.

సందేహాల_పుట్ట:
రెండుసార్లు వేయించడం అంటారు కదా, అది అవసరమా, ఊరికే ఆర్భాటమా?

పాత_సభ్యురాలు:
రెక్కలకి, బోన్‌లెస్‌కి చాలా తేడా తెలుస్తుంది. మొదట 160 దగ్గర దాదాపు ఉడికేదాకా వేయించి తీసి పది నిమిషాలు పక్కన పెడితే లోపలి తడి మళ్లీ పెంకులోకి వస్తుంది, రెండోసారి 190 దగ్గర ఒకటి రెండు నిమిషాలు వేస్తే ఆ తడి కూడా ఎగిరిపోయి చాలాసేపు కరకరలాడుతూ ఉంటుంది. పెద్ద లెగ్ పీసులకి, ముళ్లుముళ్ల పెంకు ఉన్నవాటికి ఒక్కసారే నిదానంగా వేయిస్తే చాలు, రెండోసారికి ఆ ముళ్లు మాడతాయి.

తీశాక టిష్యూ మీద పడుకోబెట్టకండి, అడుగున ఆవిరి పట్టి మెత్తబడుతుంది. జాలీ మీద పెట్టండి. మూత పెట్టి డబ్బాలో దాచడం అయితే ఇంకా ఘోరం.

ఘాటుప్రియ:
ఒక మాట, ముక్కలు కడగొద్దని కొందరంటారు, నాకు కడగకపోతే మనసొప్పదు.

థర్మామీటర్_మామ:
కడిగితే సూక్ష్మక్రిములు పోవమ్మా, నీళ్లు చిమ్మి సింకంతా, పక్కనున్న గిన్నెలంతా పాకుతాయి. వాటిని చంపేది ఆ 74 డిగ్రీల వేడే. కడగకుండా ఉండలేనంటే గిన్నెలో నీళ్లు పోసి చిమ్మకుండా ముంచి తియ్యి, తర్వాత సింక్ సబ్బుతో తోము, ముక్కలు గుడ్డతోనో టిష్యూతోనో పొడిగా అద్దు. తడిగా ఉన్న ముక్కకి ఉప్పూ పట్టదు, పిండీ నిలవదు.

హాస్టల్_చెఫ్:
ఎయిర్ ఫ్రయ్యర్‌లో ఇదే పిండితో వస్తుందా?

కరకర_బ్రో:
ఇదే పిండితో రాదు బ్రో, తెల్లగా పొడిగా అలాగే ఉండిపోతుంది, దాన్ని తడిపే నూనె లేదు కదా. పిండి పట్టించాక తెల్లమచ్చ కనబడకుండా నూనె స్ప్రే చెయ్యాలి, మధ్యలో తిప్పి మళ్లీ చెయ్యాలి. దానికి బ్రెడ్ పొడి నయం, ముందే నూనెలో కాస్త దోరగా వేయించుకుని పట్టిస్తే రంగు గ్యారంటీ. రుచి బాగుంటుంది గానీ అది వేరే వంటకం, ఫ్రైడ్ చికెన్ అని పిలవను నేను.

సందేహాల_పుట్ట:
మైదా పడనివాళ్లకి?

నిదానం_వంట:
బియ్యప్పిండి సగం, కార్న్‌ఫ్లోరో బంగాళదుంప స్టార్చో సగం. రంగు తక్కువ, కరకర ఎక్కువ. గ్లూటెన్, అంటే మైదాలో ఉండే ఆ జిగురు, ఉండదు కాబట్టి పట్టు తక్కువ, ఇక్కడ గుడ్డు వెయ్యండి.

కొత్తమూకుడు:
అందరికీ అప్‌డేట్. నిన్న రాత్రి ఉప్పు పట్టించి పెట్టి, ఇవాళ మజ్జిగలో ముంచి, మైదా కార్న్‌ఫ్లోర్ కలిపి, పాత_సభ్యురాలు అక్క చెప్పినట్టు పిండి రంగు మారేదాకా ఆగి వేశా. పెంకు ఊడలేదు! కొరికితే మాంసంతో పాటే తెగింది. లోపల ఉప్పు సరిగ్గా ఉంది, రసం కూడా ఉంది. పిండిలో ఉప్పు మాత్రం ఒకటిన్నర వేస్తే మా ఇంట్లో ఎక్కువన్నారు, ఈసారి 1 వేస్తా. మిగిలిన పిండి జల్లించి దాచుకోవచ్చా? నూనె కూడా చాలా మిగిలింది. రేపటికి నాలుగు ముక్కలు ఉన్నాయి, అవెలా వేడి చెయ్యాలి?

పాత_సభ్యురాలు:
భలే. పిండి మాత్రం పారెయ్యండి, పచ్చి చికెన్ తగిలింది, జల్లించినా లాభం లేదు, అందుకే మొదట్నుంచీ సగం పిండే బయటికి తీసుకుని చాలకపోతే కలుపుకోవాలి. నూనె చల్లారాక సన్నటి గుడ్డలో వడకట్టండి, అడుగున ఉన్న పిండి మడ్డి ఉంచితే మళ్లీ కాచినప్పుడు అదే మాడి నూనె పాడు చేస్తుంది. మూత పెట్టి వెలుతురు తగలని చోట ఉంచి ఇంకోసారి చికెన్‌కే వాడుకోవచ్చు. కాచగానే నురగ కట్టినా, జిగటగా అయినా, మామూలు కంటే ముందే పొగ వచ్చినా పారబొయ్యండి.

ముక్కలు రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టెయ్యాలి. రేపు ఓవెన్‌లో జాలీ మీద పెట్టి 190 దగ్గర 12-15 నిమిషాలు, లేదా ఎయిర్ ఫ్రయ్యర్‌లో ఇంకొంచెం తక్కువ. ఆ పనికి ఎయిర్ ఫ్రయ్యర్ చాలా బాగుంటుంది, కరకర_బ్రో ఏమన్నా సరే.

కరకర_బ్రో:
వేడి చెయ్యడానికి ఒప్పుకుంటా అక్కా 🙏 మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టకండి ఎవరూ.